వంటింటి విజ్ఞానం: కొబ్బరినూనె ఏ వరసలో?

పిల్లలూ!

ఈ నెల మనం చేయబోయే ప్రయోగాల కోసం సామాను వెతుక్కుంటూ అంగళ్ళు తిరగనక్కరలేదు. కొబ్బరినూనె, నెయ్యి, నీళ్ళు, కర్పూరం, రెండు గ్లాసులు ఉంటే దాదాపు పని జరిగిపోతుంది. కాని ముందుగా మీకు ఒక సంగతి చెప్పాలి. అది నేను తప్పు చేసిన సంగతి.

1989 డిసెంబరు. అప్పుడు నేను ఆదిలాబాదు జిల్లాలో ఒక పల్లెబడిలో సైన్సు పాఠాలు చెబుతున్నాను. చలికాలంలో అక్కడ తెల్లవారుజామున ఎముకలు కొరికే చలి. అర్ధసంవత్సర పరీక్షలో ఆరో తరగతికి ఒక ప్రశ్న ఇచ్చాను: "ఈ కింది వాటిని ఘన, ద్రవ, వాయు పదార్థాలుగా వేరుచేసి మూడు వరసలలో రాయండి." ఆ జాబితాలో రాయి, పాలు, గాలి, ఇనుము, కొబ్బరినూనె ఉన్నాయి.

ఒక పిల్ల కొబ్బరినూనెను తీసుకువెళ్ళి రాయి పక్కన, ఇనుము పక్కన రాసింది. నేను ఎర్రసిరాతో కొట్టేసి అరమార్కు తగ్గించాను. అంతటితో ఊరుకున్నానా? లేదు. కాగితాలు ఇచ్చేటప్పుడు, "ఏమమ్మా, మీ ఇంట్లో తలకు రాళ్ళు రాసుకుంటారా?" అన్నాను. తరగతి అంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల తల వంచుకుని కూర్చున్నది.

మర్నాడు పొద్దున్నే, ప్రార్థన గంట కొట్టకముందే, ఆ పిల్ల నా బల్ల దగ్గరకు వచ్చింది. పుస్తకాల సంచిలోంచి ఒక చిన్న సీసా తీసి, మూత విప్పి, నా బల్లమీద బోర్లించి పట్టుకున్నది. నేను "అయ్యో, నూనె!" అంటూ పుస్తకాలు వెనక్కు లాక్కున్నాను. ఒక్క చుక్క కూడా పడలేదు. సీసాలో కొబ్బరినూనె సున్నపుముద్దలాగా తెల్లగా గడ్డకట్టి ఉన్నది.

"సార్, పొద్దున మా అమ్మ దీన్ని పుల్లతోని గీకి రాస్తది," అన్నది ఆ పిల్ల.

నేనేం చెప్పను? అరమార్కు తిరిగి వేశాను. అది తేలికైన పనే. అందరిముందూ నవ్వించాను గనక, అందరిముందూ "తప్పు నాది" అని ఒప్పుకున్నాను. అది కొంచెం కష్టమైంది. ఆ పిల్ల తన కళ్ళతో చూసినది రాసింది. నేను పుస్తకంలో చదివినదాన్ని బట్టి దిద్దాను. సైన్సు చెప్పవలసిన వాణ్ణి నేను, చేసినది ఆ పిల్ల!

మరి కొబ్బరినూనె ఏ వరసలోది? ఘనమా, ద్రవమా? నిజానికి నా ప్రశ్నలోనే లోపం ఉన్నది. ఘనం, ద్రవం, వాయువు అనేవి పదార్థాల కులాలు కావు, పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండటానికి. అవి పదార్థం ఉండే స్థితులు. ఎంత వేడిలో ఉన్నదో చెబితే తప్ప, ఏ స్థితిలో ఉన్నదో చెప్పటానికి వీలులేదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అందుకే అది మేనెలలో ద్రవం, డిసెంబరు తెల్లవారుజామున ఘనం.

ఇనుము కూడా అంతే. 1538 డిగ్రీల వేడిలో అది కరుగుతుంది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహం ఎర్రగా కాలవలాగా పారుతుంది. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం నత్రజని. దాన్ని సున్నకు దిగువ 196 డిగ్రీల వరకు చల్లబరిస్తే నీళ్ళలాగా ద్రవమైపోతుంది. పశువుల ఆసుపత్రిలో పెద్ద డబ్బా మూత తీయగానే తెల్లటి పొగ కక్కటం మీలో కొందరు చూసే ఉంటారు. అందులో ఉండేది ఆ ద్రవ నత్రజనే.

వేడికీ, స్థితికీ ఈ సంబంధం ఎందుకు? పదార్థమంతా కంటికి ఆనని అణువులతో తయారైంది. ఆ అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. మీ బడినే తలుచుకోండి. ప్రార్థన వేళ వరసలలో నిలబడతారు. ఎవరి చోటు వారిదే, అయినా ఒక్కరూ కదలకుండా ఉండరు, అవునా? ఘనంలో అణువులు అలా ఉంటాయి. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ వరండాలోనే ఉంటారు, కాని ఒకరి నొకరు తోసుకుంటూ చోట్లు మారుస్తారు. అది ద్రవం. సాయంత్రం ఆఖరి గంట కొట్టారా, ఇక చెప్పేదేమున్నది? తలా ఒక దిక్కు! అది వాయువు. వేడి పెరిగినకొద్దీ అణువుల పరుగు పెరుగుతుంది. పిల్లలు వేరు కారు. గంట మాత్రమే వేరు.

ఇక ప్రయోగాలకు వద్దాం. నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు "నేననుకున్నది" అనీ, కుడివైపు "నేను చూసినది" అనీ రాయండి. ప్రయోగం మొదలుపెట్టక ముందే ఎడమవైపు నింపాలి సుమా! తరువాత దిద్దటానికి వీల్లేదు.

ఒకటో ప్రయోగం: ఎవరు ముందు కరుగుతారు?

మూడు చిన్న గిన్నెలలో ఒక్కొక్క చెంచా కొబ్బరినూనె, కరిగిన నెయ్యి, వేరుశనగనూనె పోసి ఫ్రిజ్‌లో ఒక గంటసేపు పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే గిన్నెలను ఐసుముక్కలు వేసిన పళ్ళెంలో పెట్టవచ్చు. కొబ్బరినూనె, నెయ్యి గడ్డకడతాయి. వేరుశనగనూనె మసకబారి కాస్త చిక్కబడవచ్చు గాని, వాటిలాగా గట్టిపడదు.

ఇప్పుడు మూడింటినీ బయట పెట్టి, ఏది ఎప్పుడు కరిగిందో గడియారం చూసి రాసుకోండి. గడ్డకట్టిన కొబ్బరినూనె పలుకు ఒకటి అరచేతిలో పెట్టుకోండి. చూస్తుండగానే కరిగిపోతుంది. పక్కనే కొవ్వొత్తి మైనం పలుకు పెట్టండి. అది కరగదు. మీ చెయ్యి ఒకటే, వేడి ఒకటే. కొబ్బరినూనెకు ఆ వేడి చాలింది, మైనానికి చాలలేదు.

ఈ ప్రయోగాన్ని ఇప్పుడొకసారి, మళ్ళీ చలికాలంలో ఒకసారి చేసి రెండు పేజీలూ పోల్చి చూడండి.

రెండో ప్రయోగం: పొంగేది ఏది, కుంగేది ఏది?

ఒక స్టీలు గ్లాసులో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు పోసి, స్కేలుతో కొలిచి, పైన ఐసు కట్టే అరలో రాత్రంతా ఉంచండి. గ్లాసు నిండా పోయవద్దు. ఒక చిన్న గిన్నెలో కరిగిన కొబ్బరినూనె పోసి కింది అరలో పెట్టండి.

పొద్దున నీళ్ళ గ్లాసును కొలవండి. మంచుగడ్డ ఇంచుమించు 11 సెంటీమీటర్ల దాకా లేచి ఉంటుంది. నడుమ బొడిపెలాగా కూడా ఉండవచ్చు. కొబ్బరినూనె నడుమ మాత్రం చిన్న గుంట పడి ఉంటుంది. నూనె గడ్డకట్టేటప్పుడు కుంగుతుంది, నీరు పొంగుతుంది! 11 గ్లాసుల నీరు గడ్డకడితే సుమారు 12 గ్లాసుల మంచు అవుతుందన్నమాట. అందుకే నీళ్ళు నింపి మూత బిగించిన గాజుసీసాను ఐసు అరలో పెట్టకూడదు. గాజు పగిలిపోతుంది.

ఇప్పుడు మంచుముక్కను నీళ్ళలో వేయండి. తేలుతుంది. గడ్డకట్టిన కొబ్బరినూనె ముక్కను, గాలిబుడగలు లేకుండా ఉన్నదాన్ని, కరిగిన కొబ్బరినూనెలో వేయండి. మునుగుతుంది. చాలా పదార్థాలు కొబ్బరినూనె లాంటివే. వాటి ఘనం వాటి ద్రవంలో మునుగుతుంది. నీరు ఆ దారిన పోదు. చలిదేశాలలో చెరువుల మీద మంచు పైన తేలి కప్పులాగా నిలుస్తుంది. కింద నీరు నీరుగానే ఉండి, చేపలు బతుకుతాయి. నీరు కూడా నూనెలాగే ప్రవర్తిస్తే ఆ చేపల గతేమిటో ఆలోచించండి.

మూడో ప్రయోగం: మాయమైన వేడి

ఇది ఓపిక ఉన్నవాళ్ళు చేసేది. ఒకే రకం చిన్న స్టీలు గ్లాసులు రెండు తీసుకోండి. ఒకదానిలో పది చెంచాల నీళ్ళు పోసి రాత్రి గడ్డకట్టించండి. పొద్దున వేరే గిన్నెలో నీళ్ళూ ఐసుముక్కలూ కలిపి, బాగా చల్లబడ్డాక, ఆ నీళ్ళు మాత్రం పది చెంచాలు రెండో గ్లాసులో పోయండి. రెండు గ్లాసులనూ బల్లమీద పక్కపక్కన ఉంచండి. రెండూ చల్లనివే, రెండింటిలోనూ పది చెంచాలే. తేడా అల్లా ఒకటి మంచు, ఒకటి నీరు.

పది నిమిషాల కొకసారి వేలు పెట్టి చూసి రాయండి. నీళ్ళ గ్లాసు త్వరగా చలి విడుస్తుంది. మంచు గ్లాసు మాత్రం ఎంతసేపు చూసినా చల్లగానే ఉంటుంది. సగం కరిగినా చల్లనే. చివరి పలుకు కరిగేదాకా చల్లనే!

1760 ప్రాంతంలో స్కాట్లండులోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు ఇదే ప్రయోగం చేశాడు. గాజు బుడ్లలో ఒకదానిలో చల్లని నీరు, ఒకదానిలో అంతే మంచు ఉంచాడు. నీరు అరగంటలో ఎంత వెచ్చబడిందో, మంచు కరిగి అంత వెచ్చబడటానికి పదిన్నర గంటలు పట్టింది. గదిలోని వేడి రెండింటిలోకీ ఒకేలాగా వస్తున్నది కదా, మంచులోకి వచ్చిన వేడి ఏమైంది? అణువులను వరసలలోంచి విడదీయటానికి ఖర్చయింది. అందుకే దాన్ని గుప్తోష్ణం అన్నారు, అంటే దాగిన వేడి. మంచును ఊరికే కరిగించటానికి పట్టే వేడితో, అంతే నీటిని సున్న నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి ఊరికే పోనివ్వరు, టిక్కెట్టు కొనాలి!

నాలుగో ప్రయోగం: గ్లాసుకు చెమట పట్టింది

గాజుగ్లాసులో చల్లని నీళ్ళు పోస్తే బయట చెమట పడుతుంది. ఆ నీళ్ళు ఎక్కడివి? "గ్లాసులోంచి ఊరాయి" అంటాడు మీ తమ్ముడు. తప్పు అని కొట్టిపారేయకండి. వాడిచేతనే పరీక్ష చేయించండి. ఒకే రకం గ్లాసులు రెండింటిలో ఎర్రసిరా కలిపిన నీళ్ళు పోయండి. ఒకదానిలో ఐసుముక్కలు వేయండి. రెండోదానిలో వేయవద్దు. కాసేపటికి ఐసు వేసిన గ్లాసుకే చెమట పడుతుంది. దాన్ని తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు ఎరుపు అంటుతుందా? అంటదు. లోపలి నీళ్ళే ఊరితే అంటి ఉండేది కదా!

ఆ నీరు గాలిలోనిది. కంటికి కనబడకుండా ఆవిరిగా ఉన్న నీరు చల్లని గాజు తగలగానే ద్రవమైంది. గాలి మరీ పొడిగా ఉన్న రోజున చెమట తక్కువగా పడుతుంది. వానాకాలంలో చేస్తే బాగా కనబడుతుంది.

అమ్మ దగ్గరుండగా ఇంకొకటి చూడండి. గొట్టం ఉన్న కెటిలులో నీళ్ళు మరుగుతుంటే, దూరంగా నిలబడి, గొట్టం మూతిని పరీక్షగా చూడండి. మూతికి ఆనుకుని కొద్దిమేర ఏమీ కనబడదు. ఆ తరువాతే తెల్లటి పొగ మొదలవుతుంది. ఏమీ కనబడని ఆ చోట ఉన్నదే అసలైన ఆవిరి! తెల్లగా కనబడేది ఆవిరి కాదు, చల్లబడి మళ్ళీ నీరైపోయిన సన్నని బిందువులు. ఒక్క చెంచా నీళ్ళు పూర్తిగా ఆవిరైతే సుమారు 8 లీటర్ల చోటు కావాలి. ప్రెషర్ కుక్కర్ ఎందుకు ఈల వేస్తుందో ఇప్పుడు తెలిసిందా?

ఆ ఆవిరి దగ్గరకు మాత్రం చెయ్యి పోనివ్వవద్దు. అది చర్మం తగలగానే నీరవుతుంది. అలా అవుతూ తాను దాచుకున్న వేడినంతా చేతికి వదిలిపెడుతుంది. అందుకే మరిగే నీళ్ళకన్న ఆవిరి ఎక్కువ కాలుస్తుంది.

ఐదో ప్రయోగం: నొక్కితే నొక్కుబడేది

మందుల దుకాణంలో సూది లేని కొత్త సిరంజి ఒకటి తెప్పించుకోండి. వాడినది ముట్టుకోవద్దు. సిరంజిలోకి గాలి లాగి, మూతికి వేలు అడ్డంపెట్టి, వెనకనుంచి నొక్కండి. లోపలికి పోతుంది. వదిలితే వెనక్కు తన్నుకొస్తుంది. ఇప్పుడు గాలి ఏ మాత్రమూ లేకుండా నీళ్ళు నింపి అలాగే నొక్కండి. కదలదు! వాయువులో అణువుల మధ్య బోలెడు ఖాళీ; ద్రవంలో ఆ ఖాళీ లేదు. "గాలి అంటే ఏమీ లేకపోవటం" అనుకునేవాళ్ళ చేత ఒకసారి ఆ సిరంజి నొక్కించండి. ఏమీ లేనిది వేలిని వెనక్కు తన్నుతుందా?

ఆరో ప్రయోగం: దొడ్డిదారి

కర్పూరం బిళ్ళను కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. నాలుగైదు రోజులు ఒక మూల ఉంచి రోజూ చూడండి. బిళ్ళ చిక్కిపోయి గీతకు ఎడంగా వస్తుంది. కాగితం మీద తడి ఉన్నదా? లేదు. కర్పూరం కరగకుండానే, ద్రవం మెట్టు ఎక్కకుండానే, ఘనం నుంచి నేరుగా వాయువైపోతుంది. దీన్ని ఉత్పతనం అంటారు. ఇంకో బిళ్ళను చిన్న గాజుసీసాలో వేసి మూత బిగించి ఉంచండి. కొన్నాళ్ళకు లోపలి గాజుమీద మెరిసే సన్నని పలుకులు కనబడతాయి. పోయినదారినే తిరిగి వచ్చిందన్నమాట! కర్పూరం నోట్లో పెట్టుకోకూడదు, విషం. నిప్పుకు దూరంగా, చంటిపిల్లలకు అందకుండా ఉంచండి.

ఇప్పుడు మీ నోటుబుక్కు తీయండి. ఎడమవైపు రాసినదానికీ, కుడివైపు రాసినదానికీ ఎక్కడెక్కడ పొంతన కుదరలేదు? ఆ చోట్ల సిగ్గుపడి చెరిపివేయకండి. మీరు కొత్తగా నేర్చుకున్నది సరిగ్గా అక్కడే ఉన్నది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయో అబ్బాయో పుస్తకానికి విరుద్ధంగా ఏదైనా చెబితే, "తప్పు" అనేముందు "ఎక్కడ చూశావు?" అని అడగండి. చూపిస్తానంటే వెంట వెళ్ళి చూడండి. తప్పే అయితే అక్కడే తేలిపోతుంది, వాళ్ళంతట వాళ్ళే దిద్దుకుంటారు. ఒప్పయితే మీరు కూడా ఒకటి నేర్చుకుంటారు. నేను ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు ఒక పిల్ల ఒక రోజంతా తలవంచుకుని కూర్చున్నది. ఆ తరువాత బడి వదిలి రిటైరయ్యేదాకా, కాగితాలు దిద్దేటప్పుడు తప్పు గీత పెట్టే ముందు నా కలం ఒక్క క్షణం ఆగేది.

ఇక వచ్చే నెలదాకా మీకు ఒక చిక్కు ప్రశ్న. బియ్యాన్ని గ్లాసులో పోస్తే గ్లాసు ఆకారం, చెంబులో పోస్తే చెంబు ఆకారం వస్తుంది. వంచితే ధారగా పడతాయి. ద్రవ లక్షణాలు అవే కదా? మరి బియ్యం ద్రవమా, ఘనమా? పుస్తకం చూసి కాదు, బియ్యం చూసి జవాబు చెప్పాలి. కాస్త సహాయం చేస్తాను: కొన్ని బియ్యం నేలమీద పోయండి, పక్కనే కొన్ని నీళ్ళు పోయండి. రెండూ ఒకేలా నిలుస్తాయా? తరువాత ఒకే ఒక్క గింజను తీసి వేళ్ళ మధ్య పట్టుకుని చూడండి.

నేను జవాబు చెప్పేలోగా మీ నోటుబుక్కులో ఎడమవైపు నింపి ఉంచండి!